మూడో తారీఖుకు పుట్టని పురుగులు

"ఐదు గంటలు," అన్నాడు ఎస్సై కిషన్ రావు ఫోన్లో. "ఐదు కొట్టంగనే ఎఫ్ఐఆర్ రాస్త. గోవర్ధన్ సార్ పెద్దమనిషి, ఇప్పటికే మూడు వారాలు ఆగిండు. ఆ పిల్ల కందిరీగల పంజరం తెచ్చియ్యాలె. లేకుంటె తీసింది వేరేటోళ్లని నువ్వు చూపియ్యాలె. అంతకు మించి నా చేతుల ఏం లేదు తల్లీ."

త్రివేణి గడియారం చూసుకుంది. పదకొండూ నలభై. 2013 జూన్ ఇరవై ఆరు, బుధవారం.

"ఇంకోమాట," అన్నాడు ఎస్సై. "నాగేందర్ సాక్షిని పట్టిండు. ఆటో డ్రైవర్. మూడో తారీఖు సాయంత్రం ఆ పిల్ల గుడ్డ కప్పిన వస్తువు పట్టుకొని సార్ గల్లీల నుంచి ఆటో ఎక్కిందట. మనిషి ఫాస్టున్నడు సుమా."

ఆ చివరి మాట త్రివేణికి గుచ్చుకుంది. నాగేందర్, తను ఒకే గురువు దగ్గర నాలుగేళ్లు పనిచేశారు. రిటైర్డ్ పోలీసు అధికారి సూర్యనారాయణమూర్తి నారాయణగూడలో నడిపిన డిటెక్టివ్ ఏజెన్సీ అది. కేసు డైరీలన్నీ రాసింది త్రివేణి. ఏజెన్సీ మూసేసినరోజు ఆయన ఆ డైరీలు తీసి నాగేందర్ చేతిలో పెట్టాడు. ఇప్పుడు నాగేందర్‌కు హిమాయత్‌నగర్‌లో ఏసీ ఆఫీసు, కొత్త బుల్లెట్ బండి, టీవీలో అప్పుడప్పుడు ముఖం. త్రివేణికి జిరాక్స్ షాపు పైన ఒక గది. ఆ బండి చప్పుడు వినబడితే చాలు, ఆమె చేస్తున్న పని తప్పుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసీ మానలేకపోతోంది.

ఫోన్ సంచిలో వేసుకుని, ఈ కేసు తనకు అప్పగించిన అమ్మాయి వైపు తిరిగింది.

అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్, రెండో అంతస్తు, నాలుగు మంచాల గది. కిటికీ పక్క మంచం మీద నవనీత. జనగామ దగ్గరి పల్లె పిల్ల. వ్యవసాయ శాస్త్రంలో ఎమ్మెస్సీ. రెండేళ్లు చిక్కడపల్లిలో గోవర్ధన్ గారి ఇంటి మేడమీద ఉన్న పురుగుల ల్యాబ్‌లో పనిచేసింది. పోయిన నెలలో వ్యవసాయ అధికారి ఉద్యోగానికి ఎంపికైంది. పోలీసు వెరిఫికేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఈ సాయంత్రం ఆమె పేరు మీద ఒక ఎఫ్ఐఆర్ నంబరు పడితే ఆ ఉద్యోగం పోయినట్టే.

"గుడ్డ కప్పింది ఏంది?" అడిగింది త్రివేణి.

"బకెట్ అక్క. నా బట్టలు, సబ్బు డబ్బ, బుక్కులు. మీద తువ్వాల కప్పిన. ల్యాబ్‌ల పక్కరూమ్‌ల ఉండేదాన్ని కద, ఖాళీ చేసి ఇటొచ్చిన."

"తాళం?"

"సార్ చేతికే ఇచ్చిన. ఆరుంబావుకు."

"మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సారు గది తీస్తే పంజరం లేదు. నువ్వు తాళం ఇచ్చే ముందే బకెట్ల పెట్టుకున్నవని వాళ్ల మాట. ఎవరి మీద అనుమానం?"

నవనీత దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "ఫణీంద్ర. నాతోపాటే పనిచేస్తడు. నేను సెలెక్టయిన్నాడు స్వీటు ముట్టలే. పన్ను నొస్తుందన్నడు. మళ్ల సాయంత్రం బొరుగులు తింటుండె."

త్రివేణికి నవ్వొచ్చింది. ఆపుకుంది. "సారు?"

"సార్ అసోంటోడు కాదక్క. నెల కింద బెంగళూరు నుంచి ఒక పెద్ద సైంటిస్టు వచ్చి నా నోట్‌బుక్ చూసిండు. 'ఈ పని ఈ అమ్మాయిది, రీసెర్చ్ పేపర్ల ఆమె పేరే ముందుండాలె' అన్నడు. సార్ నవ్వుకుంట సరే అన్నడు. ఫణీంద్ర మొహం మాత్రం మాడిపోయింది."

"ఆ పనేంది? జర నాకు తెలిసేటట్టు చెప్పు."

నవనీత దిండు కిందినుంచి పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి వెనకవైపు బొమ్మ గీయడం మొదలుపెట్టింది. ఆ గదిలో కాగితం ముక్క కూడా ఎవరూ పారేయరు. వెనకవైపు ఖాళీ ఉంటే అది లెక్కలకో, జ్ఞాపకాలకో పనికొస్తుంది. ఆమె ట్రంకుపెట్టె పక్కన అలాంటివి మూరెడు ఎత్తున్నాయి.

"ఇది లద్దె పురుగు. ఆముదం ఆకులు, పొగాకు, ఏది దొరికితే అది తింటది. ఇది కందిరీగ. మనం చూసే పెద్దది కాదు, చీమంతుంటది. పురుగును కుట్టి దాని ఒంట్లె గుడ్డు పెడ్తది. మామూలుగ పరాయిది ఏదన్న ఒంట్లెకొస్తె పురుగు రక్తంల కణాలు చుట్టుముట్టి ఊపిరాడకుండ చేసి చంపేస్తయి. కాని ఈ కందిరీగ గుడ్డుతోపాటు ఒక వైరస్‌ను గూడ వదుల్తది. ఆ వైరస్ దాని అండాశయంలనే తయారైతది. తల్లి నుంచి బిడ్డకు వంశంలనే వస్తది. అది పోయి పురుగు కణాల చేతులు కట్టేస్తది. అంతేగాదు, పురుగు పెరిగి ప్యూపా కావాల్సిన టైముకు కానియ్యది. గుడ్డుల నుంచి వచ్చిన పిల్ల లోపల్నే తినుకుంట పెరుగుతది."

"ప్యూపా అంటె?"

"తిండి మానేసి, మట్టిల దూరి, కదలకుంట గింజ లెక్క అయితది చూడు, అది. దాంట్లకెళ్లే రెక్కల పురుగు వస్తది."

"మరి నువ్వు కొత్తగ చేసిందేంది?"

మొదటిసారి ఆ పిల్ల కళ్లు వెలిగాయి. "నలభై ఆడ కందిరీగలకు ఎక్స్‌రే పెట్టించినం అక్క. వాటి గుడ్డు పురుగు ఒంట్లెనే చచ్చిపోతది, పిల్ల రాదు. కాని వైరస్ చావది. పిల్ల లేకున్న పురుగు ఆగిపోతది. తింటది, తిరుగుతది, ప్యూపా మాత్రం కాదు. అంటే ఆపేది పిల్ల కాదు, వైరసే. ఆ నలభై ఉన్న పంజరమే పోయింది."

"మనుషులకేమన్న అయితదా?"

"ఏం గాదు. పురుగు నుంచి పురుగుకు గూడ అంటదు. కందిరీగ కుడితేనే."

"ఏ వయసు పురుగును కుడుతది?"

"పుట్టినంక నాలుగు దినాల నుంచి ఆరు దినాల దాక. అంతకు ముందు మరీ సన్నగుంటది. తర్వాతైతే పురుగే తలతోటి కొట్టి పడేస్తది. గుడ్లనైతే ముట్టనే ముట్టది."

త్రివేణి ఆ మాట రాసుకుంది. ఎందుకు పనికొస్తుందో అప్పటికి ఆమెకు తెలియదు.

*

పన్నెండూ నలభైకి చిక్కడపల్లి గల్లీలో గోవర్ధన్ గారి ఇల్లు.

గోవర్ధన్ గారికి అరవై రెండు. కీటకాల శాస్త్రవేత్తగా రిటైరయ్యాడు. తెల్లని జుట్టు, మెత్తని గొంతు. త్రివేణికి కుర్చీ తనే జరిపి వేశాడు.

"నవనీతను నా బిడ్డ లెక్క చూసుకున్ననమ్మా. జైలుకు పంపాలని నాకేం సంబరం? తీసిన్నని ఒక్క ముక్క రాసిస్తే చాలు, కంప్లైంటు వాపస్ తీసుకుంట. ఆ పిల్ల ఉద్యోగం దానిది, నా పని నాది."

"ఆ ప్రయోగం మళ్లీ చేయడానికి కుదరదా సార్?"

"కందిరీగలు లేకుండ ఏం జేస్తం?" ఆయన చేతులు ఖాళీగా చాపి చూపించాడు. ఆ చేతులు చూస్తే త్రివేణికి జాలేసింది.

ఫణీంద్ర మేడమీద ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. కడుపులో ఉన్నది ముఖంలో దాచుకోలేని మనిషి.

"ఆమె మీద మీకు కుళ్లు ఉందా?" సూటిగా అడిగింది త్రివేణి.

"ఉంది," అన్నాడు అంతే సూటిగా. "నేను ఆరేండ్లు చేసిన. ఆమె రెండేండ్లు. ఆమె పేరు ముందొస్తుంది, ఆమెకే ఉద్యోగమొస్తుంది. కుళ్లు గాక ఏముంటది మేడం? మీకెవరి మీద లేదా?"

త్రివేణి నోట్‌బుక్ పేజీ తిప్పింది. "నేను అడిగేదానికి జవాబు చెప్పండి."

"చెప్పిన కద. కుళ్లుంది. దొంగతనం చేయలే. నడుమ నేను ఊర్లనే లేను."

ఊర్లో లేనన్నది ఏ రోజుల్లోనో అడగాలి. అడగలేదు. ఆ ముఖంలో ఆమెకు నాగేందర్ నవ్వు కనిపించింది. నాగేందర్‌ను పని మీద పెట్టింది ఇతనే అయి ఉంటాడని ఆ నిమిషంలోనే తీర్మానించుకుంది. తీర్మానించుకున్నాక ఇక అడగాలనిపించలేదు.

గది చిన్నది. గోడకు మూడు అరలు, మూలన తాళమేసిన బీరువా. మధ్య అరలో నాలుగు చుక్కల్లా పంజరం కాళ్ల గుర్తులు. తలుపుకు ఒకటే తాళం, మూడు చెవులు. గోవర్ధన్ గారిది ఒకటి, ఫణీంద్రది ఒకటి, నవనీత తిరిగిచ్చింది ఒకటి. కిటికీలకు సన్నని జాలీ, ఎక్కడా కోసిన గుర్తు లేదు.

కింది అరలో ఒక ప్లాస్టిక్ డబ్బా. మీద పాత పంచె గుడ్డ కట్టి ఉంది. గుడ్డ అంచున చిరుగు, దానికో పిన్నీసు. పిన్నీసు పక్కనుంచి చీమ దూరేంత సందు. డబ్బా మీద నవనీత అక్షరాల్లో చీటీ: 'గుడ్లు పెట్టింది 3-6-13.'

లోపల పురుగులు. ముదురు రంగు ఒంటితో ఆకుల మీద బద్ధకంగా కదులుతున్నాయి.

"అవి మొండివి బిడ్డా," అంది వెనకనుంచి ఒక గొంతు. పెంటమ్మ. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో పురుగులకు మేత వేసేది ఆమే. చంకలో ఆముదం ఆకుల మోపు ఉంది. "కాచిగూడ దిక్కు పట్టాల పొంటి తెంపుకొస్త. తింటానికి ముందుంటయి. గింజలు కమ్మంటె కావు."

"గుడ్లు ఎన్నడు పగిలినయి అవ్వా?"

"మూడు దినాలకు. బేస్తారమో శుక్రారమో. బేస్తారమే. ఆనాడు నా ఒక్కపొద్దు. దండిగ పుట్టినయి, ఒక డబ్బల పట్టక సగం నేను కిందికి తీస్కపోయిన. మెట్ల కింద నా వంటకాడ పచ్చడి డబ్బల ఉన్నయి. సార్లకు చెప్పలే. పురుగుల కాడికి సార్లెప్పుడొస్తరు, వాళ్లు కాగితాలు చూస్తరు గని."

"అవి ఎట్లున్నయి?"

"నాలుగు దినాలాయె, అన్ని గింజలైనయి. బుద్ధిమంతులు."

త్రివేణి ఆమెతో కిందికి దిగింది. మెట్ల కింద, పొయ్యికి దూరంగా చల్లని మూలన పచ్చడి డబ్బా. పెంటమ్మ పొడిమట్టి వేలితో కదిపితే గోధుమరంగు ప్యూపాలు బయటపడ్డాయి. లెక్కపెడితే యాభై ఎనిమిది. ఒక్కటీ పురుగుగా మిగల్లేదు. మళ్లీ పైకెక్కి అక్కడివి లెక్కపెట్టింది. ప్యూపాలైనవి తొమ్మిది. ఇంకా పురుగులుగానే ఉన్నవి యాభై ఒకటి.

"రెండింటికి ఒక్కటే మేతా?"

"ఒక్క మోపే. పొద్దుగాల పైన ఏస్త, మిగిలింది కింద ఏస్త."

ఒకే తల్లి గుడ్లు. ఒకే రోజు పుట్టినవి. ఒకే మేత. పైగది కింది మెట్ల కంటే వేడి, కాబట్టి పైవే ముందు ప్యూపాలు కావాలి. కానీ అవే ఆగిపోయాయి. వాటి ఒంట్లోంచి కందిరీగ పిల్ల ఒక్కటీ రాలేదు. తింటాయి, తిరుగుతాయి, ప్యూపా మాత్రం కావు.

పోయిన పంజరంలోని ఎక్స్‌రే కందిరీగలు ఈ పురుగులను కుట్టాయి. మూడో తారీఖు సాయంత్రం నవనీత గది వదిలి వెళ్లేటప్పటికి ఈ పురుగులు ఇంకా గుడ్లు. కందిరీగ గుడ్లను ముట్టదు. అంటే నవనీత వెళ్లిపోయాక కూడా పంజరం ఇదే గదిలో ఉంది.

సంచిలోంచి టిఫిన్ క్యారియర్ తీసింది. రెండు గిన్నెల్లో ఉన్న రొట్టెలు, కూర పెంటమ్మకు ఇచ్చేసింది. ఒక గిన్నెలో పైడబ్బా పురుగులు ఐదు, ఆకు ముక్కతో సహా. రెండో గిన్నెలో కిందివి ఐదు ప్యూపాలు.

"ఏందమ్మా, పురుగులు తింటవా?" పెంటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "బిడ్డా, ఇంకోటి చెప్పాలె. నడుమ మూడు దినాలైతే సారు..."

గేటు దగ్గర బుల్లెట్ చప్పుడు.

"మళ్లొస్త అవ్వా," అంది త్రివేణి. అప్పటికే ఆమె గేటు వైపు నడుస్తోంది.

*

"ఓ, త్రివేణి మేడం! సిటీ బస్ల వచ్చిన్రా?" నాగేందర్ బండి దిగకుండానే చల్లద్దాలు తీశాడు.

"నడిచొచ్చిన. నీ లెక్క చప్పుడు చేసుకుంట తిరిగితే దొంగలు ముందే లేచిపోతరు."

"దొంగ దొరికిందిగా. నా ఆటో సాక్షి స్టేట్‌మెంట్ ఇచ్చేసిండు."

"బకెట్‌ను చూసి పంజరమన్నడు. నీ సాక్షికి కండ్లద్దాలు కొనియ్యి."

"నీకు సాక్షే లేడు."

"నాకు వందకు పైన ఉన్నరు." ఆ మాట ఆమె నోట్లోంచి తియ్యగా జారింది. ఆగమని లోపల ఎవరో చెబుతూనే ఉన్నారు. "పైగదిల అరవై, మెట్ల కింద పెంటమ్మ పచ్చడి డబ్బల యాభై ఎనిమిది. పంజరం మూడో తారీఖున ఎక్కడికి పోలే నాగేందర్. ఇదే ఇంట్ల ఉండె. గుడ్లు పగిలినంక, పురుగులు పెరిగినంక ఆ కందిరీగలు ఇక్కడ్నే కుట్టినయి. పోయి నీ క్లయింటుకు చెప్పు."

నాగేందర్ నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగింది. అతను తెలివితక్కువవాడు కాదు. "పురుగులు టైము చెప్తున్నయంటవ్?"

"నీ ఆటో డ్రైవర్ కంటె సక్కగ చెప్తున్నయి. డైరీలు తీసుకుంటె సరిపోదు, రాయడం గూడ రావాలె."

అతని ముఖం మీద దెబ్బ తగిలిన గుర్తు కనబడింది. ఏజెన్సీ మూసిననాటి నుంచి ఆ గుర్తు కోసమే ఎదురుచూసినట్టు త్రివేణికి హాయిగా ఉంది. గల్లీ మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే అతను ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు.

అప్పుడు టైము రెండుంబావు.

*

నారాయణగూడలో తన గదికి చేరి, ఫ్యాను వేసుకుని, త్రివేణి తెల్లకాగితం మీద తారీఖులు పరిచింది.

గుడ్లు పెట్టింది మూడు. పగిలింది ఆరు, గురువారం. కందిరీగ కుట్టేది పుట్టాక నాలుగు రోజుల నుంచి ఆరు రోజుల దాకా. అంటే పది, పదకొండు, పన్నెండు. ఆ మూడు రోజుల్లోనే ఎవరో పంజరం తెరిచారు. కొన్ని తప్పించుకుని, పిన్నీసు పక్క సందులోంచి కింది డబ్బాలోకి దూరాయి.

ఫణీంద్రకు ఫోన్ చేసింది. నాలుగోసారికి ఎత్తాడు. మూడూ యాభై.

"నడుమ ఊర్ల లేనన్నరు. ఎన్నడు?"

"ఎనిమిది నుంచి పదహారు దాక. బెంగళూరుల ట్రైనింగ్. టికెట్లున్నయి, రోజూ హాజరు సంతకాలున్నయి. మీరు అడగలే కద మేడం, అప్పుడే చెప్తుంటి."

"మీ తాళం చెవి?"

"పోయేటప్పుడు సార్ చేతికి ఇచ్చిపోయిన."

"నాగేందర్ను పెట్టుకుంది మీరే కదా?"

అవతల నవ్వు. "నా దగ్గర డిటెక్టివ్‌ను పెట్టేంత ఎక్కడుంది? సారే పెట్టిన్రు."

ఫోన్ బల్ల మీద పెట్టేసి త్రివేణి కాగితం మీద ఆ మూడు తారీఖుల చుట్టూ గీత గీసింది. మూడు చెవులూ ఆ మూడు రోజులు ఒక్క చేతిలోనే ఉన్నాయి. ఖాళీగా చాపి చూపించిన ఆ చేతిలోనే. పెంటమ్మ చెప్పబోయిన మాట ఇప్పుడు చెవిలో మోగింది. నడుమ మూడు దినాలైతే సారు...

నవనీత పేరు ముందు పెట్టమంటే ఆయన నవ్వుకుంటూ సరే అన్నాడట. ఆ నవ్వు ఎలాంటిదో తను గుర్తుపట్టాల్సింది. సూర్యనారాయణమూర్తి గారు డైరీలు నాగేందర్‌కు ఇచ్చినరోజు తనూ అలాగే నవ్వింది.

తన సాక్షులు ఎక్కడున్నాయో తనే నాగేందర్ చెవిన వేసింది. నాగేందర్ ఆ మాట తీసుకెళ్లి గోవర్ధన్ చేతిలో పెట్టే ఉంటాడు.

*

ఆటో దిగేసరికి నాలుగూ పది. ల్యాబ్ తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీదికి పురుగుల మందు వాసన కొడుతోంది. కింది అర ఖాళీ. మెట్ల కింద పచ్చడి డబ్బా కూడా లేదు.

పెంటమ్మ గడప మీద కూర్చుని ఉంది. "నువ్వే తెమ్మన్నవంట కద బిడ్డా? సారే వచ్చి తీస్కపోయిండు. పైన మందు గూడ కొట్టిండు."

"అవ్వా, ఇందాక చెప్పబోయినవ్ కద. నడుమ మూడు దినాలు ఏమైంది?"

"అదేనమ్మా. తాళం ఇయ్యలే. మేత గుమ్మంల పెట్టి పో, నేనే ఏస్తనన్నడు. సోమారం, మంగళారం, బుధారం. పదిహేనేండ్లల ఒక్కనాడు ఒక ఆకు ఏసినోడు కాదు. లోపల తలుపేసుకొని, తెల్లబుక్కుల ఏందో రాసుకుంట కూసుండె. బీరువలకెళ్లి పంజరం తీసి చూస్తుండె."

"పంజరమా? నువ్వు చూసినవా?"

"కిటికీలకెళ్లి చూసిన. చూస్తె ఏంది, ఆయన పంజరం ఆయన ఇంట్ల ఉంది. పోయిందని నాకెవరు చెప్పిన్రు, నన్నెవరడిగిన్రు?"

సోమ, మంగళ, బుధ. పది, పదకొండు, పన్నెండు. ఆ పిల్ల ప్రయోగాన్ని ఆయన మొదటినుంచి మళ్లీ చేశాడు. తన పుస్తకంలో, తన అక్షరాల్లో.

త్రివేణి ఫోన్ మోగింది. నవనీత. గొంతులో ఏడుపు ఆరిపోయిన తేలిక ఉంది.

"అక్క, అయిపోయింది. సార్ హాస్టల్‌కొచ్చిండు. ఎఫ్ఐఆర్ ఉండదట. ఒక్క లెటర్ రాసిస్తే చాలన్నడు. రాసిచ్చిన."

"సంతకం పెట్టినవా?"

"పెట్టిన. సార్ గిప్పుడే స్టేషన్‌కు బయల్దేరిండు."

"ఏమని రాసినవ్?"

"మూడో తారీఖు సాయంత్రం పంజరం బకెట్ల పెట్టుకొని తీస్కపోయిన, అదే రాత్రి కందిరీగలను వదిలేసిన, ఆ పనంత సార్‌దే, నాదేం లేదు అని. తప్పు చేసిన్నా అక్క? నాకు ఉద్యోగం ముఖ్యం కద. ఊరికి ఏ మొహం పెట్టుకొని పోవాలె?"

మూడో తారీఖు రాత్రి వదిలేసిన కందిరీగలు పదో తారీఖున ఎలా కుట్టాయి? ఆ ఉత్తరం ఆ పిల్లను ముంచుతుంది. ఐదు పురుగులు, ఐదు ప్యూపాలు దాన్ని అబద్ధమని చెబుతాయి. కానీ ఆ అబద్ధం ఎవరిదో మాత్రం చెప్పలేవు. అక్షరాలు నవనీతవి.

"ఆ మాటలు నువ్వే అనుకొని రాసినవా?"

"లేదక్క. సార్ తన చేతితోటి చిత్తు రాసి తెచ్చిండు. చూసి రాసిన."

"ఆ చిత్తు కాగితం ఎక్కడుంది?"

"నా దగ్గర్నే. వెనక ఖాళీ ఉంది కద, బుక్కుల పెట్టుకున్న."

గోవర్ధన్ గారు పదిహేనేళ్లలో పెంటమ్మ మిగిలిన పురుగుల్ని ఏం చేస్తుందో ఒక్కసారి చూడలేదు. రెండేళ్లలో నవనీత వాడేసిన కాగితాన్ని ఏం చేస్తుందో కూడా చూడలేదు.

"నవనీతా, జాగ్రత్తగ విను. ఆ కాగితం చింపకు. ఎవరికీ ఇయ్యకు. నేనొచ్చేదాక రూమ్ తలుపు..."

"ఒక్క నిమిషం అక్క," అంది నవనీత. కిటికీ రెక్క తీసిన చప్పుడు. "సార్ కారు మళ్లొచ్చింది. కింద వాచ్‌మన్‌తోటి మాట్లాడుతుండు. పైకి చూసి నన్ను రమ్మంటుండు. ఏందో మర్చిపోయిండట."

"దిగకు!"

లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. నాలుగూ ఇరవై ఎనిమిది. గల్లీలో ఒక్క ఆటో లేదు.

మలుపులో బుల్లెట్ చప్పుడైంది. నాగేందర్ ఆమె ముందు బండి ఆపాడు. చల్లద్దాలు లేవు.

"నేను చెప్పిన పది నిమిషాలకే ఆయన నన్ను కేసులకెళ్లి తీసేసిండు," అన్నాడు. "కేసు అయిపోయిందన్నడు. అప్పుడు సమజైంది, నేనేం చేసిన్నో." ఖాళీ అయిన మెట్ల కింది జాగా వైపు చూశాడు. "ఏమన్న మిగిలిందా?"

త్రివేణి ఆ బండి వైపు చూసింది. ఆ సీటు మీద కూర్చునే రోజు రాకూడదని ఎన్నిసార్లు అనుకుందో.

టిఫిన్ క్యారియర్ ఒళ్లో గట్టిగా పట్టుకుని ఎక్కి కూర్చుంది.

"అశోక్‌నగర్," అంది. "ఈసారి ఎంత చప్పుడైనా చెయ్యి."